గొయ్యి చదివే పిల్లలు

గుడారం కింద ఉపన్యాసాలు ఇంకా సాగుతున్నాయి.
భావి రైతులనీ రేపటి నాయకులనీ
మైకు గొంతు సవరించుకుంటోంది.
ఆ భావి రైతులు మాత్రం
చేలో తవ్విన గొయ్యి చుట్టూ
వట్టి కాళ్లతో నిలబడి
ఎవరి వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు.

నేను మార్కులు వేసేవాణ్ణి.
చెవి మీద పెన్సిలు, చేతిలో అట్ట,
లెసోతో కొండల మీద ఏప్రిల్ చలి.
ముప్పై ఏళ్లు ఈ దేశపు మట్టిని సంచుల్లో మోసి
పటాల మీద రంగులు పూశాను.

గొయ్యి ఛాతీ లోతు. మనిషికి పావుగంట.
ఏ పొర ఏ రంగు, ఎంత జిగట,
నీరెక్కడ ఆగుతుంది,
చివరికి, ఇందులో ఏం వేస్తావు?

మొఖేథి దిగాడు.
గోడ వైపు పెద్దగా చూడకుండానే పుస్తకమంతా అప్పజెప్పాడు.
అన్నీ సరైన జవాబులే.

తర్వాత పొంత్షో. పదహారేళ్లది.
చాకుతో గోడ గీరి, చిటికెడు మన్ను
కూరలో ఉప్పు చూసినట్టు నాలిక మీద వేసుకుని ఉమ్మేసింది.
(మందు కొట్టిన చేలో ఆ పని కూడదు.
ఒక మార్కు తీసేశాను.)
పిడికెడు తడిపి, బొటనవేలితో నొక్కుతూ
నాడాలా సాగదీసింది.
బెత్తెడు సాగి తెగింది.
నమ్మకం కుదరక మళ్లీ సాగదీసింది.

మోకాలి ఎత్తులో చాకు టక్కుమంది.
"ఇక్కడ తలుపు వేసి ఉంది," అంది.
అట్ట మీద ఆ మాటకు గడి లేదు.
గట్టిబారిన బంకపొర, అని రాసుకున్నాను.

"మొక్కజొన్న వద్దు.
మూడేళ్లు నాగలి ఆపి, వేరు లోతుకు పోయే గడ్డి వేయాలి.
లేదంటే దొంగా ఇక్కడిదాకా వస్తుంది."

వాన నీరు కోసుకుపోయిన గండిని
ఈ వైపు దొంగా అంటారు.
రాత్రి వాన పడితే
పొద్దున్నకి చేను అంచున ఒక చాలు ఉండదు.

చేను న్తాతే లెబెకోది.
నలభై ఒక్క ఏళ్లుగా ఆయన దున్నుతున్నదే.
భుజం దగ్గర పిన్నీసు పెట్టిన దుప్పటితో
ఒడ్డున నిలబడి అడిగాడు:
"ఎవరు చెప్పారు నీకు?"

"దిగి చూడండి,"
తల ఎత్తకుండానే అనేసింది పిల్ల.

పిల్లల గుసగుసలు ఆగిపోయాయి.
ముసలాయన టోపీ తీసి పక్కవాడి చేతికిచ్చి,
కర్ర ముందు దింపి, తర్వాత తను దిగాడు.
దుప్పటి అంచు ఒక్కో పొరనీ రాసుకుంటూ పోయింది.

పోయినేటి మొక్కజొన్న వేరొకటి
నిటారుగా వచ్చి, ఆ పొర తగలగానే
పక్కకు తిరిగి, గోడ పొడుగునా పాకి
ఎక్కడో ఎండిపోయి ఉంది.
దాని మీద వేలు పెట్టి చివరిదాకా నడిచాడాయన.

"ఇక్కడ నీళ్లు దిగవని
మా ఆవిడ అంటూనే ఉండేది," అన్నాడు.

ఆయన్ని పైకి లాగడానికి నలుగురు పట్టాల్సొచ్చింది.

పొంత్షోకి రెండో బహుమతి.
నేల వాలు కొలవడం మర్చిపోయింది మరి.
తోపుడు బండి మొఖేథికి వెళ్లింది, ఈమెకు పార దక్కింది.
ఆ రాత్రి నిద్రపట్టక అట్ట మళ్లీ తీశాను.
కూడిక సరిగ్గానే ఉంది.

అతిథుల కార్లు వెళ్లాక
మే లిఖాబిసో టీచరు కేకేసింది:
"కింద మన్ను ముందు! పై మన్ను ఆఖర్న!"
తవ్విన రోజే మూడు కుప్పలుగా పోయించిందావిడ,
ఒకదాన్నొకటి తాకకుండా.
ఎలా ఉన్న నేలని అలా అప్పగించకపోతే
ఈ బడిలో పరీక్ష పాసైనట్టు కాదు.

ధర చీటీ ఇంకా ఊడని పారతో
పొంత్షో ఎర్రమన్ను ఎత్తిపోస్తోంది.
ముసలాయన ఇంటికి పోలేదు.
బోర్లించిన బకెట్టు మీద కూర్చుని
ఆ గడ్డి విత్తనం ఎక్కడ దొరుకుతుందనీ
కిలో ఎంతనీ అడుగుతున్నాడు.

పిల్ల పార ఆపింది.
"తెలీదు," అంది.
"రేపు కనుక్కుని వచ్చి చెప్తాను."